లూకాస్‌లో టెర్షియరీ అంటోంది, డైక్రోమేట్‌లో గ్రీన్ వచ్చింది.. ఇంతకీ ఇది ఏ ఆల్కహాల్?

సెమ్4_సుబ్బు

అందరికీ నమస్తే. బీఎస్సీ సెకండియర్, ఆర్గానిక్ ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి. మా మేడం ఒక్కొక్కరికీ ఒక్కో అన్‌నోన్ శాంపిల్ ఇచ్చారు, ఫంక్షనల్ గ్రూప్ కనుక్కోవాలి, ఆల్కహాల్ అయితే ప్రైమరీనా సెకండరీనా టెర్షియరీనా అన్నది కూడా రాయాలి. నాకొచ్చింది రంగులేని లిక్విడ్, నీళ్ళకంటే కాస్త చిక్కగా ఉంది, వాసన పెద్దగా లేదు.

సోడియం ముక్క వేస్తే బుడగలొచ్చాయి, సెరిక్ అమ్మోనియం నైట్రేట్‌తో ఎర్రగా అయింది, ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదా రంగు రాలేదు కాబట్టి ఫినాల్ కాదు. ఇక్కడిదాకా బానే ఉంది. లూకాస్ రియేజెంట్ పోసి ఊపానో లేదో తెల్లగా మబ్బు పట్టేసింది, కాసేపటికి పైన నూనెలాగా పొర కూడా వచ్చింది. వెంటనే వచ్చింది కాబట్టి టెర్షియరీ అని రఫ్‌లో రాసేసుకున్నా. తర్వాత డైక్రోమేట్, డైల్యూట్ సల్ఫ్యూరిక్ వేసి కొంచెం వేడి చేస్తే ఆరెంజ్ కాస్తా గ్రీన్ అయిపోయింది!! టెర్షియరీ ఆక్సిడైజ్ అవ్వదు కదా? మళ్ళీ చేసినా అదే రిజల్ట్. అయోడోఫామ్ కూడా చేశా, పసుపు రంగు ఏమీ రాలేదు.

పక్క బెంచ్ వాడేమో లూకాసే మెయిన్ టెస్టు, డైక్రోమేట్ సంగతి వదిలేసి టెర్షియరీ అని రాసెయ్ అంటున్నాడు. కానీ మేడం వైవాలో పట్టుకుంటే ఏం చెప్పాలి? ఏ టెస్టు నమ్మాలి?

ఆర్గానిక్_అల్లుడు

బ్రో ముందు బేసిక్ చెప్తా. ఓహెచ్ తగులుకున్న కార్బన్ మీద ఇంకెన్ని కార్బన్లున్నాయో చూడు. ఒకటుంటే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. డైక్రోమేట్ పని చెయ్యాలంటే ఆ కార్బన్ మీద కనీసం ఒక హైడ్రోజన్ ఉండాలి, ఆక్సిడేషన్‌లో ఊడిపోయేది అదే. టెర్షియరీకి అక్కడ హైడ్రోజనే లేదు, అందుకే ఆరెంజ్ ఆరెంజ్‌గానే ఉంటుంది.

నా గెస్ ఏంటంటే నువ్వు వేడి ఎక్కువ చేసుంటావ్. యాసిడ్‌లో టెర్షియరీ ఆల్కహాల్‌ని గట్టిగా వేడి చేస్తే నీళ్ళు పోయి ఆల్కీన్ అయిపోతుంది, ఆ ఆల్కీన్‌ని డైక్రోమేట్ ఆక్సిడైజ్ చేస్తే గ్రీన్ వస్తుంది, మనం ఆల్కహాలే ఆక్సిడైజ్ అయిందనుకుంటాం. శాంపిల్‌ని ఎసిటోన్‌లో కలిపి క్రోమిక్ యాసిడ్ ఒక చుక్క వేడి చెయ్యకుండా వేసి చూడు. ప్రైమరీ, సెకండరీ అయితే రెండు మూడు సెకన్లలో రంగు మారుతుంది. చాలాసేపటి తర్వాత మారితే లెక్కలోకి తీసుకోకు.

ఈపీసెట్_2ఏళ్ళు

ఫాలోయింగ్. నాకు ఇంటర్ కెమిస్ట్రీలో ఈ చాప్టరే భయం 😭

కోనసీమ_కెమిస్ట్రీ_మేడం

సుబ్బూ, నీ రెండు టెస్టులూ కరెక్టే అయ్యుండొచ్చు నాన్నా. ఏది నమ్మాలి అని అడిగే ముందు ఏ టెస్టు దేన్ని చూస్తోందో అడగాలి.

లూకాస్ రియేజెంట్ అంటే కాన్సన్‌ట్రేటెడ్ హెచ్‌సీఎల్‌లో కరిగించిన అన్‌హైడ్రస్ జింక్ క్లోరైడ్. జింక్ వెళ్ళి ఓహెచ్‌ని పట్టుకుని లాగుతుంది, ఓహెచ్ పోయిన కార్బన్ మీద ప్లస్ ఛార్జి మిగులుతుంది, దానికి క్లోరైడ్ అతుక్కుంటుంది. అలా వచ్చిన ఆల్కైల్ క్లోరైడ్ ఆ రియేజెంట్‌లో కరగదు కాబట్టి మబ్బు. అంటే లూకాస్ కొలిచేది ఆ ప్లస్ ఛార్జి కార్బన్ ఎంత తేలిగ్గా ఏర్పడుతుందీ అని మాత్రమే, దాని చుట్టూ కార్బన్లు ఎన్నున్నాయో అది లెక్కపెట్టట్లేదు! మామూలు ఆల్కైల్ ఆల్కహాల్స్‌లో మూడు కార్బన్లున్నచోట ఛార్జి బాగా నిలబడుతుంది కాబట్టి టెర్షియరీ వెంటనే, సెకండరీ ఐదు నిమిషాల్లోపు, ప్రైమరీ రూమ్ టెంపరేచర్‌లో అసలు రాదు అని పుస్తకంలో రాశారు. ఆ ఛార్జిని ఇంకో రకంగా మోసేవాళ్ళుంటే? పక్కనే బెంజీన్ రింగో, డబుల్ బాండో ఉంటే ప్రైమరీ కూడా టెర్షియరీలాగే వెంటనే మబ్బు పడుతుంది. బెంజైల్ ఆల్కహాల్, అల్లైల్ ఆల్కహాల్ అలాంటివే.

డైక్రోమేట్ చూసేది ఆ కార్బన్ మీద హైడ్రోజన్ ఉందా లేదా అని. లూకాస్ వెంటనే, డైక్రోమేట్ గ్రీన్, ఈ రెండూ ఒకే శాంపిల్‌లో వచ్చాయంటే నాకైతే టెర్షియరీ కంటే ముందు అనుమానం ఆ బెంజైల్, అల్లైల్ రకం వైపే పోతుంది. అల్లుడు గారు చెప్పిన వేడి సంగతి కూడా నిజమే, అది కూడా చెక్ చెయ్యి.

ఇవి చెప్పు ముందు. శాంపిల్ నీళ్ళలో కలుస్తుందా? తేలుతుందా మునుగుతుందా? స్పాచులా చివర చుక్క పెట్టి మంటలో చూపిస్తే ఎలా మండింది? బ్రోమిన్ వాటర్ రంగు పోగొట్టిందా?

సెమ్4_సుబ్బు

మేడం థ్యాంక్యూ. ఇవాళ ల్యాబ్ ఉంది కాబట్టి అన్నీ చేశా.

నీళ్ళలో కొంచెమే కరిగింది, మిగతాది అడుక్కి పోయి చుక్కలుగా కూర్చుంది. మంటలో నల్లగా మసి, స్పాచులా అంతా పట్టేసింది, తోమలేక చచ్చా. బ్రోమిన్ వాటర్ రంగు అలాగే ఉంది. ఎసిటోన్‌లో వేడి చెయ్యకుండా క్రోమిక్ యాసిడ్ వేస్తే వెంటనే గ్రీన్ అయింది, సో అల్లుడు బ్రో చెప్పినట్టు వేడి వల్ల కాదు.

ఇంకోటి, నిన్న లూకాస్ చేసినప్పుడు ట్యూబ్ దగ్గరికి మొహం పెట్టి చూస్తుంటే కళ్ళు బాగా మండి నీళ్ళొచ్చాయి, హెచ్‌సీఎల్ పొగ అనుకున్నా. పక్కనోళ్ళ ట్యూబులతో అంత మండలేదు.

కోనసీమ_కెమిస్ట్రీ_మేడం

ఆ చివరి ముక్క మొదటే చెప్పుంటే అయిపోయేది! బెంజైల్ ఆల్కహాల్‌కి లూకాస్ తగిలితే వచ్చే బెంజైల్ క్లోరైడ్ కళ్ళమ్మట నీళ్ళు పెట్టించే పదార్థం, ఆరోగ్యానికీ మంచిది కాదు. ఇంకెప్పుడూ ట్యూబ్‌లోకి తొంగి చూడకు, ఫ్యూమ్ హుడ్‌లో చెయ్యి, లేకపోతే కనీసం కిటికీ పక్కన.

మసి మంట అంటే కార్బన్ ఎక్కువున్న శాంపిల్, రింగ్ ఉందని గట్టి అనుమానం. అడుక్కి మునిగింది అంటే నీళ్ళకంటే బరువు, మామూలు ఆల్కైల్ ఆల్కహాల్స్ తేలతాయి. బ్రోమిన్ రంగు పోలేదు (అంటే డబుల్ బాండ్ లేదు), నీళ్ళలో పూర్తిగా కలవలేదు కాబట్టి అల్లైల్ ఆల్కహాల్ కాదు, అది నీళ్ళలో ఎంతైనా కలుస్తుంది, ఘాటు వాసన కూడా. మీ మేడం నీకిచ్చింది బెంజైల్ ఆల్కహాలే అని నా అంచనా, అంటే ప్రైమరీ.

కన్ఫర్మ్ చెయ్యాలంటే సోడియం కార్బొనేట్ ద్రావణంలో శాంపిల్ వేసి పర్మాంగనేట్‌తో మరిగించు. ఊదా రంగు పోయి గోధుమరంగు మడ్డి వస్తుంది, అది మాంగనీస్ డయాక్సైడ్. చల్లార్చి కాన్సన్‌ట్రేటెడ్ హెచ్‌సీఎల్‌తో యాసిడ్ చేసి, మడ్డి కరిగిపోయేదాకా సోడియం సల్ఫైట్ వెయ్యి (సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, హుడ్ లోపలే). తెల్లటి స్ఫటికాలు దిగుతాయి, వేడినీళ్ళలో రీక్రిస్టలైజ్ చేసి మెల్టింగ్ పాయింట్ తీస్తే 122 దగ్గర రావాలి. అది బెంజోయిక్ యాసిడ్.

జీడిమెట్ల_క్యూసీ

మేడం గారు చెప్పినదానికి ఒక చిన్న అడ్డు పుల్ల, ఏమీ అనుకోకండి 🙏 బెంజోయిక్ యాసిడ్ వచ్చినంత మాత్రాన బెంజైల్ ఆల్కహాల్ అని ఫిక్స్ అవ్వకూడదు. 1-ఫినైల్ ఇథనాల్ అని ఇంకోటుంది, అది సెకండరీ. దానికీ రింగ్ పక్కనే ఉంది కాబట్టి లూకాస్ వెంటనే, హైడ్రోజన్ ఉంది కాబట్టి డైక్రోమేట్ గ్రీన్, మంటలో మసి, నీళ్ళలో మునగడం అన్నీ సేమ్. వేడి పర్మాంగనేట్‌తో దాని సైడ్ చైన్ కూడా తెగి బెంజోయిక్ యాసిడే వస్తుంది. బాయిలింగ్ పాయింట్ చూద్దామా అంటే బెంజైల్ ఆల్కహాల్‌ది 205, దానిది 204, మన ల్యాబ్ థర్మామీటర్‌తో ఆ ఒక్క డిగ్రీ తేడా పట్టుకోవడం జరిగే పని కాదు.

తేడా చెప్పేది అయోడోఫామే. ఓహెచ్ ఉన్న కార్బన్‌కి ఒకపక్క సీహెచ్3, ఇంకోపక్క హైడ్రోజన్ ఉండాలి, అలా ఉంటే పసుపు అవక్షేపం. 1-ఫినైల్ ఇథనాల్ ఇస్తుంది, బెంజైల్ ఆల్కహాల్ ఇవ్వదు. నీకు రాలేదన్నావ్, బానే ఉంది, కానీ నీ శాంపిల్ నీళ్ళలో సరిగా కరగట్లేదు కదా తమ్ముడూ, అయోడిన్ సోడియం హైడ్రాక్సైడ్ పైన ఉంటే శాంపిల్ అడుగున చుక్కలుగా కూర్చుంటే రియాక్షన్ ఎక్కడ జరుగుతుంది? రాలేదా, రావడానికి ఛాన్సే దొరకలేదా? కొంచెం డయాక్సేన్‌లో కరిగించి మళ్ళీ చెయ్యి. ఇథనాల్‌లో మాత్రం కరిగించకు, ఇథనాలే అయోడోఫామ్ ఇస్తుంది. ఎసిటోన్‌తో కడిగి సరిగా ఆరబెట్టని ట్యూబ్ కూడా పనికిరాదు, అదీ పసుపే. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు దీంతోనే ఎక్కువసార్లు మోసపోతారు.

ఇండస్ట్రీలో అయితే ఈ గోలేమీ లేదు, ఎన్ఎంఆర్ (అణువులో హైడ్రోజన్లు ఎలాంటి చోట ఉన్నాయో గీతల్లో చూపించే మెషీన్) తీస్తే బెంజైల్ ఆల్కహాల్‌కి 4.6 దగ్గర సీహెచ్2 సింగ్లెట్‌లా (ఒకే గీత) వస్తుంది, 1-ఫినైల్ ఇథనాల్‌కి 4.9 దగ్గర క్వార్టెట్ (నాలుగు గీతలు), 1.5 దగ్గర మెథైల్ డబ్లెట్ (రెండు గీతలు), ఒక్క చూపులో తేలిపోతుంది. ఇంజెక్షన్లలో ప్రిజర్వేటివ్‌గా వాడే బెంజైల్ ఆల్కహాల్ (బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో 0.9 శాతం ఉంటుంది) మేం మెషీన్ల మీదే చూస్తాం. లూకాస్ బాటిల్ నేను మా ప్లాంట్‌లో చూసిన గుర్తు లేదు.

కోనసీమ_కెమిస్ట్రీ_మేడం

అడ్డు పుల్ల కాదండీ, అసలు పుల్లే అది. సుబ్బూ, క్యూసీ గారు చెప్పినట్టు డయాక్సేన్‌తో అయోడోఫామ్ చెయ్యి, అదే ప్రైమరీనా సెకండరీనా తేలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, ప్రైమరీని మెల్లగా ఆక్సిడైజ్ చేస్తే ఆల్డిహైడ్, సెకండరీ అయితే కీటోన్. ఆల్డిహైడ్ అయితే టోలెన్స్ రియేజెంట్‌తో (అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్) ట్యూబ్ గోడకి వెండి అద్దంలా పడుతుంది. ఫెహ్లింగ్ (ఆల్డిహైడ్‌కి కాపర్‌తో చేసే టెస్టు) మాత్రం వాడకు, బెంజాల్డిహైడ్ లాంటి ఆరోమాటిక్ ఆల్డిహైడ్స్ దానికి లొంగవు, చేసి రాలేదు కాబట్టి కీటోన్ అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

లూకాస్ గురించి ఇంకొకటి. ఆల్కహాల్ ఆ రియేజెంట్‌లో ముందు కరగాలి, ఆ తర్వాత మబ్బు పడితే క్లోరైడ్ వచ్చిందని అర్థం. ఆరు కార్బన్లు దాటితే ఆల్కహాలే సరిగా కరగదు, ఆక్టనాల్ పోస్తే పోసిన మరుక్షణం తెల్లగా కనిపిస్తుంది, రియాక్షన్ ఏమీ జరక్కుండానే. నీ శాంపిల్‌కి ఏడు కార్బన్లు అనుకుంటే ఆ మొదటి మబ్బులో ఎంత క్లోరైడో ఎంత కరగని ఆల్కహాలో చెప్పలేం. నీ కళ్ళ మంట లేకపోతే నేను ఆ టెస్టుని అంత నమ్మేదాన్ని కాదు. పైగా జింక్ క్లోరైడ్ గాలిలో తడిని లాగేసుకుంటుంది, మూత సరిగా పెట్టని పాత సీసాతో చేసిన రియేజెంట్‌కి సెకండరీ ఆల్కహాల్ అరగంటైనా కదలదు. మా కాలేజీలో ముందు దాన్ని పింగాణీ గిన్నెలో కరిగేదాకా వేడి చేసి డెసికేటర్‌లో చల్లార్చి అప్పుడు 136 గ్రాములు 105 గ్రాముల హెచ్‌సీఎల్‌లో వేసేవాళ్ళం, ఐస్‌లో పెట్టి, లేకపోతే వేడికి పొగలు కక్కుతుంది. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాన్ కూడా లేని ల్యాబ్‌లో ఆ ఐదు నిమిషాల లెక్క కూడా మారిపోతుంది, రూమ్ టెంపరేచర్ అంటే పుస్తకం రాసినవాళ్ళ రూమ్ వేరు మన రూమ్ వేరు.

ఈపీసెట్_2ఏళ్ళు

మేడం ప్లీజ్ నాది కూడా ఒక చిన్న డౌట్. నాలుగు కార్బన్ల ఆల్కహాల్స్ నాలుగు ఇచ్చి ఏది ఏదో చెప్పమంటే ఎలా? విక్టర్ మేయర్ టెస్టు రంగులు కూడా ఎప్పుడూ తారుమారు అవుతున్నాయి 😩

ఆర్గానిక్_అల్లుడు

ఇది నేను చెప్తా. బ్యూటన్-1-ఓల్, 2-మెథైల్ ప్రొపాన్-1-ఓల్ రెండూ ప్రైమరీ, బ్యూటన్-2-ఓల్ సెకండరీ, టెర్ట్ బ్యూటనాల్ టెర్షియరీ. లూకాస్‌తో టెర్షియరీ వెంటనే బయటపడుతుంది, సెకండరీ కాసేపటికి, పైగా బ్యూటన్-2-ఓల్ అయోడోఫామ్ ఇస్తుంది. మిగిలిన రెండు ప్రైమరీల్ని ఈ టెస్టులు విడదీయలేవు, బాయిలింగ్ పాయింటే దిక్కు, ఒకటి 118 దగ్గర ఇంకోటి 108 దగ్గర. కొమ్మలు పెరిగేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, టెర్ట్ బ్యూటనాల్ 82కే మరుగుతుంది. కానీ అది గడ్డకట్టేది మాత్రం 25 దగ్గర, చలికాలం ల్యాబ్‌కి వెళ్తే సీసాలో రాయిలా ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి పోసుకోవాలి.

విక్టర్ మేయర్: ఆల్కహాల్‌ని ఎర్ర ఫాస్ఫరస్, అయోడిన్‌తో అయోడైడ్ చేసి, సిల్వర్ నైట్రైట్‌తో నైట్రో చేసి, నైట్రస్ యాసిడ్ వేసి చివర్లో క్షారం కలిపితే ప్రైమరీకి రక్తం లాంటి ఎరుపు, సెకండరీకి నీలం, టెర్షియరీకి ఏ రంగూ రాదు. ఎందుకంటే నైట్రస్ యాసిడ్ పట్టుకునేది కూడా ఆ కార్బన్ మీది హైడ్రోజన్‌నే, టెర్షియరీలో అది లేదు. ఇది అర్థమైతే టెర్షియరీ ఖాళీ అని తెలిసిపోయింది కదా, ఇక ఎరుపు నీలం మాత్రం బట్టీ కొట్టాల్సిందే. ఈ టెస్టు క్వశ్చన్ పేపర్లో తప్ప ల్యాబ్‌లో చేసినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

ఆల్కహాల్ ఆవిరిని 573 కెల్విన్ దగ్గర వేడి కాపర్ మీదుగా పంపితే ఏమొస్తుందని కూడా అడుగుతారు, ప్రైమరీకి ఆల్డిహైడ్, సెకండరీకి కీటోన్, టెర్షియరీకి హైడ్రోజన్ బదులు నీళ్ళు పోయి ఆల్కీన్. అక్కడా అదే కథ.

ఈపీసెట్_2ఏళ్ళు

అంటే అన్నిట్లో ఆ ఒక్క హైడ్రోజన్ చుట్టూనే తిరుగుతుందా! ఇన్నాళ్ళూ నాలుగు టేబుల్స్ విడివిడిగా బట్టీ కొడుతున్నా అన్నా

జీడిమెట్ల_క్యూసీ

లూకాస్ తప్ప. లూకాస్‌కి ఆ హైడ్రోజన్‌తో పని లేదు, సుబ్బు ఇరుక్కున్నది అక్కడే.

సెమ్4_సుబ్బు

అప్‌డేట్. డయాక్సేన్ స్టోర్‌లో అడిగితే అటెండర్ అన్న ముందు లేదన్నాడు, మేడం చీటీ రాసిస్తే ఇచ్చాడు. అందులో కరిగించి అయోడిన్, సోడియం హైడ్రాక్సైడ్ వేసి గోరువెచ్చగా పెట్టి బాగా ఊపా, పసుపు రాలేదు. పక్కనే తేడా తెలియాలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కూడా చేశా, దానికి చక్కగా పసుపు పొడి దిగింది, ఆ హాస్పిటల్ వాసన కూడా వచ్చింది. సో రియేజెంట్లు బానే ఉన్నాయి, నా శాంపిల్‌కే రావట్లేదు.

పర్మాంగనేట్ కూడా అయింది. మరిగించేటప్పుడు ఎగిరెగిరి పడింది, పోర్సెలైన్ ముక్కలు వేశాక ఆగింది. సల్ఫైట్ వేస్తుంటే మడ్డి కరిగి తెల్లగా ముద్దలా దిగింది, వేడినీళ్ళలో కరిగించి చల్లారిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు, మెల్టింగ్ 121-122. డైక్రోమేట్ ట్యూబ్‌ని మళ్ళీ చూస్తే సన్నగా బాదం ఎసెన్స్ లాంటి వాసన, అది బెంజాల్డిహైడ్ కదా?

మేడం రికార్డులో "ప్రైమరీ ఆల్కహాల్, ఓహెచ్ సైడ్ చైన్ మీద" అని రాయొచ్చా? లూకాస్ రిజల్ట్ ఏం చెయ్యాలి, కొట్టెయ్యాలా?

కోనసీమ_కెమిస్ట్రీ_మేడం

అవును, అది బెంజాల్డిహైడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పక్కన పెట్టి చెయ్యడం చాలా మంచి పని, ఎవరూ చెప్పకుండా చేశావ్.

కొట్టెయ్యకు. అబ్జర్వేషన్ కాలమ్‌లో "వెంటనే మబ్బు, పైన నూనె పొర" అని ఉన్నదున్నట్టు రాయి, ఇన్ఫరెన్స్ కాలమ్‌లో "టెర్షియరీ, లేదా బెంజైలిక్, లేదా అల్లైలిక్" అని రాయి. కింద డైక్రోమేట్ వరసలో టెర్షియరీ పోతుంది, బ్రోమిన్ వరసలో అల్లైలిక్ పోతుంది, అయోడోఫామ్ వరసలో 1-ఫినైల్ ఇథనాల్ పోతుంది. వైవాలో మీ మేడం అడిగేది కూడా ఆ వరసే. ఆ గ్రీన్ ట్యూబులు సింక్‌లో పొయ్యకు, క్రోమియం వేస్ట్ డబ్బా వేరే ఉంటుంది, అడిగి అందులో పొయ్యి.

సెమ్4_సుబ్బు

ఓకే మేడం, థ్యాంక్యూ సో మచ్. క్యూసీ అన్నా, అల్లుడు బ్రో మీక్కూడా. పక్క బెంచ్ వాడికి ఈ థ్రెడ్ పంపిస్తున్నా, వాడి శాంపిల్ కూడా లూకాస్‌లో వెంటనే మబ్బు పట్టింది, టెర్షియరీ అని పెన్నుతో రాసేశాడు 😂

ఆర్గానిక్_అల్లుడు

వాడిది నీళ్ళలో కలుస్తుందేమో అడుగు ముందు. కలిస్తే, డైక్రోమేట్ ఆరెంజ్‌గానే ఉంటే, వాడు రాసింది కరెక్టే అయ్యుండొచ్చు.